అడ్డం ఏడు ఎవరినడగాలి?



పగలు పన్నెండు దాటాక మన ఇళ్ళల్లో ఒక అరగంట దొరుకుతుంది. వంటిల్లు సర్దడం అయిపోతుంది, పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా పొద్దుంటుంది. పొద్దున్నుంచీ నలుగురి చేతులూ మారి నలిగిన దినపత్రిక అప్పటికి మన వంతుకు వస్తుంది. ఆ పత్రికలో ఓ మూల నల్ల గళ్ళూ తెల్ల గళ్ళూ కలిసిన చదరం ఒకటుంటుంది. దానికే పదవినోదమనీ, పదకేళి అనీ పత్రికకో పేరు. ఆరుద్ర గారు దాన్ని గళ్ళ నుడికట్టు అన్నారు, శ్రీశ్రీ గారు పదబంధ ప్రహేళిక అన్నారు. ఇద్దరూ స్వయంగా గళ్ళు కూర్చినవారే. అంత పెద్ద కవులకు తీరిక దొరికిన పనికి మనకు అరగంట తీరిక ఉండకూడదా?

చాలామంది ఆడవాళ్ళు ఈ గళ్ళ దగ్గరికొచ్చి రెండు నింపి, మూడోది తట్టక పేపరు మడిచేస్తారు. ఎందుకమ్మా అంటే "మనం అంత చదువుకోలేదులే" అంటారు. పోనీ ఎవరినైనా అడగరాదా అంటే "అడిగి నింపితే అది మనం చేసినట్టా?" అంటారు. ఈ రెండు మాటల గురించే నేను చెప్పదలచుకున్నది. అడగడం తప్పు కాదు. ఎవరిని, ఏది, ఎలా అడగాలో తెలియడం ఈ ఆటలో సగం. ఇక చదువు సంగతి అంటారా, గళ్ళకు కావలసిన మాటల్లో పెద్ద వాటా బడిలో నేర్పేది కానే కాదు.

ముందు దీని పుట్టుక రెండు ముక్కల్లో. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటి పజిల్ వేశాడు. అది చదరంగా కాక వజ్రం ఆకారంలో ఉండేది. పదేళ్ళు తిరిగేసరికి అమెరికా అంతటా పిచ్చి పట్టుకుంది. 1924లో వచ్చిన మొదటి పజిళ్ళ పుస్తకానికి ఒక పెన్సిలు కూడా కట్టి అమ్మారు. అది చూసి లండన్ టైమ్స్ పత్రిక అమెరికా దీనికి బానిసైపోయిందని జాలిపడింది. న్యూయార్క్ టైమ్స్ అయితే ఇదొక పాపిష్టి కాలహరణం అని ఈసడించింది. తర్వాత ఏమైందనుకున్నారు? 1930 ఫిబ్రవరి 1న మొదటి పత్రికా, 1942 ఫిబ్రవరి 15న రెండో పత్రికా తమ పేజీల్లోనే గళ్ళు వేసుకున్నాయి! రెండో పత్రికలో ఆ గళ్ళ బాధ్యత అప్పగించింది మార్గరెట్ ఫరార్ అనే ఒక స్త్రీకి. 1969 దాకా ఆవిడే చూసుకున్నారు. అంచేత ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "పనీ పాటా లేదా?" అంటే ఈ ముక్క చెప్పి చూడండి.

ఇక అసలు పనిలోకి వద్దాం. ఇంగ్లీషు పజిల్లో ఒక గడికి ఒక ఇంగ్లీషు అక్షరం. మన తెలుగులో అలా కాదు. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసిన నిండు అక్షరం ఒక గడిలో కూర్చుంటుంది. 'పంట' అంటే రెండు గళ్ళు, సున్న తన అక్షరాన్ని విడిచి పోదు. 'స్త్రీ' ఎంత బరువున్నా ఒకే గడి. పొల్లు అక్షరాన్ని మాత్రం కూర్చేవారిని బట్టి విడి గడిలో వేయడం కద్దు. మీరు రోజూ చూసే పత్రికలో ఆ వాడుక ఎలా ఉందో పాత జవాబు ఒకటి చూస్తే తెలిసిపోతుంది. ఆధారం పక్కన కుండలీకరణంలో వేసే అంకె ఈ గళ్ళ లెక్కే.

ఇలా నిండు అక్షరం దొరకడం మనకు పెద్ద సాయం. అడ్డం ఆధారం "ఎదగమంటే తోడుకున్నదా? (3)" అని ఉందనుకోండి. ఎదగమని చెప్పే మాట పెరుగు. తోడుకున్నదీ పెరుగే. అది నింపగానే మధ్య గడిలో 'రు' పడింది. ఆ 'రు'తో మొదలయ్యే నిలువు ఆధారం "పొత్రం తిరిగే చోటు (4)". తెలుగులో 'రు'తో మొదలయ్యే మాటలు ఎన్నుంటాయి చెప్పండి? రుబ్బురోలు తప్ప మరొకటి అక్కడ నిలవదు. గ్రైండర్లు వచ్చాక రోలు పెరట్లోకి పోయింది గానీ గళ్ళల్లో ఇంకా వాడుకలోనే ఉంది!

మొదటి అక్షరం తెలియక, తక్కినవి తెలిసినప్పుడు ఇంకో ఉపాయం. చిన్నప్పుడు వల్లించిన గుణింతం పైకి చదవండి. క, కా, కి, కీ అని వరసగా తగిలించి చూస్తుంటే ఎక్కడో ఒకచోట నాలుకే ఆగి మాట పలికేస్తుంది. కళ్ళకు తట్టనిది నాలుకకు తడుతుంది. ఎవరైనా నవ్వుతారేమోనని మనసులో చదివితే ఇది పనిచెయ్యదు, గట్టిగానే చదవాలి.

ఇక కూర్చేవారి చమత్కారాలు. అవి తెలియక "ఇదేం పిచ్చి ఆధారం" అని వదిలేస్తాం గానీ నిజానికి వాటిలోనే జవాబు దాగి ఉంటుంది. 'తిరగబడింది', 'వెనుదిరిగింది' అంటే వెనక నుంచి రాయమని. "తల తిరిగితే తీగె (2)" అంటే మనం డాక్టరు దగ్గరికి పోనక్కరలేదు. తల తిరగేస్తే లత. 'తడబడింది', 'చెల్లాచెదురైంది', 'కలగాపులగం' అంటే అక్షరాలు అటూ ఇటూ అయ్యాయని. "నవల తడబడటం వల్ల (3)" అన్నారనుకోండి, న-వ-ల కలిపి కలిపి చూస్తే 'వలన' వస్తుంది. 'వల్ల' అన్న మాటకు అర్థం అదే. ఆధారంలో ఒక్క మాట కూడా దండగ పోలేదు చూశారా? 'తోక తెగింది', 'చివర లేదు' అంటే ఆఖరక్షరం తీసెయ్యాలి. "అరటి తోక తెగితే సగమే (2)" అంటే అర. నడుము తీసెయ్యమనడం కూడా ఉంది. "కమలానికి నడుము లేకపోతే రాసుకోవచ్చు (2)" అన్నారు. కమలంలో 'మ' తీసేస్తే కలం.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైనవి రెండు మాటలు అతికించేవి. "స్వప్నమూ మాంసమూ కలిస్తే తియ్యన (4)" అని చదివితే మొదట ఒళ్ళు జలదరిస్తుంది. స్వప్నం అంటే కల, మాంసం అంటే కండ. రెండూ కలిపితే కలకండ! పటికబెల్లం డబ్బా చేతిలో పెట్టుకుని జవాబు కోసం ఇల్లంతా వెతికేవాళ్ళం మనం.

ఇంత తెలిశాక కూడా తట్టనివి ఉంటాయి. అప్పుడే సాయం సంగతి.

మాది నెల్లూరు జిల్లా పడమటి కొసన మర్రిపాడు. ఆత్మకూరు దాటి బద్వేలు దారిలో వెలికొండల వైపు పోతుంటే వస్తుంది. మెట్ట ప్రాంతం. మా అత్తమ్మ అక్కడే పుట్టి, అక్కడే సేద్యం చేసి, డెబ్బై దాటాక మాతో పట్నం వచ్చింది. బడి మొహం చూసింది కాదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ విత్తనం ఎప్పుడు వెయ్యాలి, గొడ్డుకు ఏం జబ్బు చేసింది అని పదిమంది ఆవిడను అడిగేవాళ్ళు. పట్నం అపార్టుమెంటులో ఆవిడను అడగడానికి ఎవరికీ ఏమీ లేకపోయింది. కాఫీ తాగుతారా, మాత్ర వేసుకున్నారా, ఈ రెండే ప్రశ్నలు. మనం ప్రేమగానే అడుగుతాం, కాదనను. కానీ మనిషికి అది చాలదు. రెండు మూడు నెలలకే ఆవిడ మాటలు తగ్గిపోయాయి.

ఒకనాడు నేనూ మా అమ్మాయీ గళ్ళు నింపుతున్నాం. అడ్డం ఏడు: "సాళ్ళలో ఎద్దు మూతికి (2)". మా అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. "మాస్కు!" అంది. లెక్కకు రెండు గళ్ళే, నేను నవ్వాపుకోలేకపోయాను. అంతలో కిటికీ పక్కన కూర్చున్న అత్తమ్మ, మా వైపు తిరగకుండానే, "చిక్కం" అంది.

"ఏందవ్వా అది?" అంది పిల్ల.

"పైరు సాళ్ళల్లో గుంటక తోలేటప్పుడు ఎద్దు పైరు కొరక్కుండా మూతికి కడతారే, తాడుతో అల్లింది. అదే చిక్కం. యాడుంటది మీ ఊళ్ళో!" అంది.

చి-క్కం. రెండు గళ్ళు. నిలువు మాటలు రెండూ సరిపోయాయి. ఆ పూట ఇంకో మూడు మాటలు ఆవిడే చెప్పింది. పశువు మెడకు కట్టే తాడు పలుపు, ముక్కులోంచి పోయేది ముకుతాడు, నాగలికి చేత్తో పట్టుకునేది మేడి. మర్నాడు తొమ్మిది గంటలకల్లా "పేపరు రాలేదా ఇంకా?" అని అడిగింది. చదవడం రాని మనిషి పేపరు కోసం ఎదురుచూడటం ఎప్పుడైనా విన్నారా? ఇప్పుడు పక్కింటి ఆవిడ కూడా ఆధారాలు పట్టుకుని మా ఇంటికొస్తోంది. ఆవిడ వచ్చేది నా కోసం కాదు లెండి, మా అత్తమ్మ కోసం.

ఇది మా ఇంటి గొప్ప చెప్పుకోవడానికి కాదు. నిఘంటువులు కూర్చిన పెద్దలు కూడా ఇదే దారి పట్టారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం తయారైంది. మొదటి సంపుటం వ్యవసాయ పదాలది, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. రెండోది చేనేత పదాలది, 1971లో వచ్చింది. వాటిలో మాటలు పాత గ్రంథాల్లోంచి ఏరినవి కావు. ఊరూరా తిరిగి రైతులనూ నేతగాళ్ళనూ అడిగి రాసుకున్నవి. విశ్వవిద్యాలయం వాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి అడిగిన మనుషులు మన ఇళ్ళల్లోనే, మన కిటికీల పక్కనే కూర్చుని ఉన్నారు.

ఊరు మారితే మాట మారుతుంది, గళ్ళ లెక్కా మారుతుంది. ఇదీ గమనించాలి. బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే సాధనం అని ఆధారం ఇచ్చారనుకోండి. మా వైపు దాన్ని కపిల అంటారు, కొన్ని జిల్లాల్లో మోట అంటారు. మూడు గళ్ళయితే కపిల, రెండయితే మోట. వేరుశనగ అయిదు గళ్ళు, శనక్కాయ నాలుగు, పల్లీలు మూడు. గోంగూరకు మూడు గళ్ళు, తెలంగాణ పుంటికూరకు నాలుగు. మనం చిలగడదుంప అని ఆరు గళ్ళకు ప్రయత్నిస్తుంటే అక్కడ అయిదే ఉంటాయి. కూర్చినాయన రాయలసీమ వాడై గెనుసుగడ్డ అని ఉంటాడు. చిక్కంతా లెక్క సమానమైన చోట వస్తుంది. ఉల్లిపాయా నాలుగే, మా ఎర్రగడ్డా నాలుగే. చీపురూ మూడే, పొరకా మూడే. అలాంటప్పుడు తొందరపడి రాయకుండా అడ్డొచ్చే మాట తేలేదాకా ఆగాలి. పెన్సిలు వాడమనేది ఇందుకే. అమెరికా వాళ్ళు పుస్తకానికి పెన్సిలు కట్టి ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు.

అందుకని పట్నంలో ఉండటం మనకొక లాభం అంటాను. పై అంతస్తులో వరంగల్లు ఆవిడ, కింద గుంటూరు ఆవిడ, ఎదురుగా అనంతపురం ఆవిడ. మెట్ల దగ్గర కలిసినప్పుడు "మీ వైపు దీన్నేమంటారు వదినా?" అని అడిగితే చాలు. కూరగాయల బండి అతన్ని అడగండి, అతనికి కూరలకు మూడేసి పేర్లు తెలుసు. ఇస్త్రీ చేసే వాళ్ళను బట్టల మాటలడగండి. కంసాలి దుకాణానికి వెళ్ళినప్పుడు పాత నగల పేర్లడగండి. అడిగించుకున్న వాళ్ళెవరూ విసుక్కోవడం నేను చూడలేదు. వాళ్ళ పని మాట పేపర్లో వచ్చిందంటే సంతోషపడతారు.

పాత కొలతలు గళ్ళల్లో తరచు వస్తాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కిలోలూ లీటర్లూ వచ్చాక మన పిల్లలకు ఈ వరస తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళకు నోటికి ఉంటుంది, ఒకసారి చెప్పించుకుని రాసిపెట్టుకోండి. అరవై సంవత్సరాల పేర్లూ, ఇరవై ఏడు నక్షత్రాలూ పంచాంగంలో దొరుకుతాయి. "అరవైలో ఆఖరుది" అంటే అక్షయ, మొదటిది ప్రభవ. పురాణాలు తాతయ్యలకు వదిలెయ్యండి. కుంతికి పృథ అని ఇంకో పేరుందని మా మామయ్య ఎన్నిసార్లు చెప్పారో! సినిమాలూ క్రికెట్టూ పిల్లలవి. ఇలా పంచుకుంటే ఇంట్లో తలా రెండు గళ్ళు వస్తాయి. చిన్నవాడు కూడా "నా వాటా ఏది?" అని వస్తాడు.

ఇంట్లో నిఘంటువు ఉంటే మంచిదే. బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది, ఈనాటికీ దానికి గౌరవం తగ్గలేదు. కానీ ఒక మెలిక ఉంది. మామూలు నిఘంటువు మాట తెలిస్తే అర్థం చెబుతుంది. మనకు గళ్ళలో అర్థం తెలుసు, మాట తెలియదు! ఆ దారిలో వెళ్ళడానికి పర్యాయపదాల పుస్తకం కావాలి. ఒక వస్తువుకు ఉన్న పేర్లన్నీ ఒకచోట చెప్పేవి అవి. సంస్కృతంలో అమరకోశం, తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం ఆ పద్ధతివే. ఏనుగు అంటే కరి, గజం, హస్తి, దంతి అని ఒకేచోట దొరుకుతాయి. ఏ రెండు గళ్ళకు ఏది సరిపోతుందో మనం తేల్చుకోవడమే. ఇంకో అడ్డదారి ఉంది. మీకు ఆ వస్తువు ఇంగ్లీషు పేరు తెలిస్తే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో చూడండి. బ్రౌన్ దొరగారి నిఘంటువు అందుకు చక్కగా పనికొస్తుంది, ఆయన పల్లెటూరి మాటలను కూడా చిన్నచూపు చూడలేదు. కొనడానికి ఖరీదు అనుకుంటే ఫోనులోనే చూడవచ్చు. ఆంధ్రభారతి అనే చోట ఈ పాత నిఘంటువులు చాలావరకు ఒక్కసారే వెతికి చూపిస్తారు.

ఫోను మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆధారం మొత్తం ఫోనుకు చదివి వినిపించి జవాబు రాసేసుకునేవాళ్ళు ఇప్పుడు బయల్దేరారు. తిట్టను. కానీ పులుసు కలిపేది మనమై రుచి చూసేది పక్కింటి వాళ్ళయితే ఎట్లా ఉంటుంది? పైగా యంత్రం చెప్పే మాట గళ్ళలో పట్టకపోవడం కూడా జరుగుతుంది. ఇంగ్లీషు లెక్కన అక్షరాలు కొలిచి చెబితే మన ఒత్తులూ సున్నలూ అడ్డం తిరుగుతాయి. ఏది చెప్పినా వేళ్ళ మీద గళ్ళు లెక్కపెట్టి చూసుకోండి.

ఎలా అడగాలో కూడా కాస్త చెప్పుకుందాం. "జవాబేంటి?" అని అడగవద్దు. ముందు ఆధారం మొత్తం చదివి వినిపించండి, ఎన్ని గళ్ళో చెప్పండి, వచ్చిన అక్షరం ఏ స్థానంలో ఉందో చెప్పండి. తర్వాత నోరు మూసుకుని కూర్చోండి. ఈ ఆఖరిదే కష్టం. పెద్దవాళ్ళకు మాట గొంతుదాకా వచ్చి ఆగుతుంది, అప్పుడు మనం తొందరపెడితే లోపలికి పోతుంది. రెండోది, తెలిసినవాళ్ళను అడిగేటప్పుడు మెట్టు మెట్టుగా అడగండి. "నేను అర్థం సరిగ్గా పట్టుకున్నానా?" అనేది మొదటి మెట్టు. "మొదటి అక్షరం చెప్పండి చాలు" అనేది రెండోది. జవాబే అడగడం ఆఖరి మెట్టు. మూడోది చాలా ముఖ్యం. కాగితం మాత్రం చేతికివ్వకండి. ముఖ్యంగా ఇంటాయనకు. "ఏదీ, ఇలా ఇయ్యి" అని తీసుకుని పెన్నుతో, పెన్సిలుతో కూడా కాదు, గబగబా అయిదు నింపి అందులో రెండు తప్పు రాసి తిరిగిస్తారు. మనం చదువుతాం, వాళ్ళు చెబుతారు, మనం రాస్తాం. అంతే ఏర్పాటు.

మిమ్మల్ని ఎవరైనా అడిగితే కూడా ఇదే మర్యాద పాటించండి. "కుండ కింది భాగం ప్రశ్నించమంటోంది (3)" అని చెల్లెలు అడిగిందనుకోండి. 'అడుగు' అని వెంటనే అనేస్తే ఆ పిల్లకు మిగిలేది మూడక్షరాలే. "కుండ కింద భాగాన్ని ఏమంటాం? మాడితే ఏం అంటిందంటాం?" అని అడగండి. తానే "అడుగు!" అని ఎగిరి గంతేస్తుంది, ప్రశ్నించడానికీ అదే మాట అని తానే కనిపెడుతుంది. మర్నాడు ఇంకొకటి తనంతట తానే విప్పుతుంది.

మర్నాటి పత్రికలో జవాబులొస్తాయి. చాలామంది వాటిని చూసి ఊరుకుంటారు. వదిలిన గళ్ళకు జవాబు ఏమిటో కాదు, అది ఎందుకు జవాబైందో చూసుకోవాలి. ఎంత చూసినా ఎందుకో తెలియకపోతే అప్పుడప్పుడు కూర్చినవారి పొరపాటు కూడా కావచ్చు, అంతా మన తెలివి తక్కువే అనుకోనక్కరలేదు. ఒక పాత నోటుబుక్కు పెట్టుకోండి. కొత్త మాట, దాని గళ్ళు, ఎవరు చెప్పారో పేరు. మా పుస్తకంలో ఒక పేజీ నిండా అత్తమ్మ పేరే ఉంది. మా అమ్మాయి ఆ పేజీకి 'మర్రిపాడు నిఘంటువు' అని తలకట్టు పెట్టింది.

గళ్ళు నింపితే ముసలితనంలో మతిమరుపు రాదని కొందరు గట్టిగా చెబుతుంటారు. అంత మాట ఇంకా రుజువు కాలేదు. రోజూ గళ్ళు నింపితే గళ్ళు బాగా నింపడం వస్తుంది, అంతమటుకు ఖాయం. మందులా కాక ఆటలా ఆడుకుందాం.

ఒక హెచ్చరిక. సాయం పేరుతో డబ్బడిగే చోటికి పోవద్దు. ఒకప్పుడు మన దేశంలో బహుమతి పజిళ్ళు జోరుగా నడిచాయి. ప్రవేశ రుసుం కట్టాలి. ఆధారానికి రెండు మాటలూ సమానంగా సరిపోతాయి, వాళ్ళ దగ్గర సీలు వేసిన జవాబు ఏదైతే అదే నెగ్గుతుంది. అది తెలివి కాదు, జూదం. 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసి, నెలకు వెయ్యి రూపాయలు మించిన బహుమతులతో అలాంటి పోటీలు నడపకూడదని కట్టడి చేసింది. 1957లో సుప్రీంకోర్టు కూడా తెలివితో గెలిచే పోటీ వేరు, అదృష్టం మీద నడిచేది వేరు అని తేల్చింది. ఇప్పుడు అవే వేషం మార్చి ఫోన్లలోకి వస్తున్నాయి. ఆధారం చదివితే జవాబు ఒక్కటే రావాలి. రెండు వచ్చి, పక్కన రుసుం అని ఉంటే ఆ పేజీ తిప్పెయ్యండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారం మొత్తం నింపాలని పట్టు పట్టకండి. మూడు గళ్ళ మాటలూ రెండు గళ్ళ మాటలూ ముందు చూడండి, ఏదో ఒక మూల పట్టు దొరుకుతుంది. అక్కడి నుంచి పక్కకు పాకండి. సగం అయ్యాక కాగితం పక్కన పెట్టి బియ్యం కడగండి, కూర తరగండి. తట్టని మాట కత్తిపీట దగ్గర తడుతుందని నా అనుభవం. తట్టగానే గోడ మీద క్యాలెండరు మీదైనా సరే రాసుకోండి.

ఈ వారానికి రెండు ఇస్తున్నాను. ఒకటి: "లక్ష్మీదేవి తిరగబడితే యంత్రం (2)". రెండోది: "కళ్ళంలో తూర్పార పట్టేటప్పుడు ఎగిరిపోయేది (2)". మొదటిది మీకే వస్తుంది. రెండోది రాకపోతే ఇంట్లో పెద్దావిడను అడగండి, గళ్ళు రెండని చెప్పడం మరిచిపోకండి.